గాడిలో పాట – 17: ఘంటసాల గీత, మార్విన్ గే గోడు

లక్క ప్లేట్ల కథ కిందటి వారంతో అయిపోయింది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఆ కాస్త జాగాలోనే పద్యం ఎత్తుకోవాలి, రాగం తియ్యాలి, దించెయ్యాలి. హరిశ్చంద్రుడు కాటిసీను మొత్తం ఏడవాలంటే వినేవాడు ప్లేటు తిరగెయ్యాలి, ఇంకోటి పెట్టాలి, మళ్లీ కీ ఇవ్వాలి. ఆ మూడు నిమిషాల హద్దు చెరిగిపోయాక పాటకి ఏమైందన్నది ఈ వారం సంగతి.

అందుకోసం రెండు రికార్డులు ఎంచుకున్నాను. ఒకటి మద్రాసుది, 1974లో వచ్చింది: ఘంటసాల భగవద్గీత. రెండోది అమెరికాలో డెట్రాయిట్‌ది, 1971 మే 21న వచ్చింది: మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'. నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల్లోంచీ, బ్లూస్ లోంచీ పుట్టిన సోల్ సంగీతంలో దీన్ని మించిన రికార్డు లేదని చాలామంది అంటారు. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఆల్బముల పట్టికలో మొదటి పేరు దీనిదే.

ఈ రెంటినీ ఒక గాటన కట్టడం నా సొంత తెలివేమీ కాదు. హైదరాబాదులో కొత్తగూడ కూడలి నుంచి కొండాపూర్ దాకా, బొటానికల్ గార్డెన్ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో టర్న్‌టేబుల్ ఇప్పుడు కొత్త ముచ్చట. అలాంటి హాల్లో ఈ రెండు రికార్డులూ ఒకే అరలో నిలబడి ఉండొచ్చు. మార్విన్ గే రికార్డు ఆ ఇంటి కొడుకు కొన్నది, కొత్తగా అచ్చయిన ప్రతి, మూడు వేల పైమాటే. గీత ఊళ్లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు తాతగారి పెట్టెలోంచి వచ్చింది, అట్ట అంచుల్ని చెదపురుగు రుచి చూసి వదిలేసింది. ఒకటి కంపెనీ మళ్లీ వేసింది, ఇంకోటి ఇంట్లోవాళ్లు దాచారు. ఆ తేడా ఎక్కడ మొదలైందో చూద్దాం.

ఇరవై నిమిషాల జాగా

1948 జూన్‌లో అమెరికన్ కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును, అంటే ఎల్పీని బయటపెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పలక 33⅓ చుట్లకు తగ్గింది. లక్క పోయి వినైల్ వచ్చింది. రాతిపొడి కలిసిన లక్క ప్లేటు గరుకు. గాడి వెడల్పుగా ఉండక తప్పదు. వినైల్ నునుపు; గాడిని సన్నగా, పక్కపక్కనే ఒత్తుగా గీయొచ్చు. చుట్లు తగ్గి, గాడి పొడవు పెరిగి, 12 అంగుళాల పలక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పట్టుకుంది.

మన దేశంలో చాలా కాలం ఈ పనంతా గ్రామఫోన్ కంపెనీదే, అంటే జనం నోట్లో హెచ్ఎంవీదే. 1950ల చివరికి కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ఎల్పీలు తయారవడం మొదలైంది. తెలుగు పాట మద్రాసులో పాడితే, టేపు కలకత్తా వెళ్లి, అక్కడ పలకై, రైలెక్కి మళ్లీ విజయవాడకో సికింద్రాబాదుకో చేరేది.

అయితే ఆ జాగాతో ఏం చెయ్యాలో మనవాళ్లకి వెంటనే తోచలేదు. మూడు నిమిషాల సినిమా పాటలనే ఒక వైపు ఆరు, ఇంకో వైపు ఆరు పేర్చారు. వాటి మధ్య ఖాళీలు అలాగే ఉండేవి. ఇరవై నిమిషాలూ ఒకే నడక నడిచే పని సినిమా బయట జరిగింది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతాన్ని హెచ్ఎంవీ ఎల్పీగా తెచ్చింది. తెల్లవారుజామున ఒకసారి ముల్లు పెడితే మళ్లీ లేవాల్సిన పని లేదు. సినిమా కాని రికార్డుకు కూడా ఇంటింటా చోటుందని కంపెనీకి అప్పుడు తెలిసొచ్చింది. ఘంటసాల గీతకు దారి వేసింది అదే.

రవీంద్రభారతి నుంచి మద్రాసు దాకా

ఘంటసాల చౌటపల్లిలో పుట్టడం, విజయనగరంలో మధుకరం అడుక్కుంటూ సంగీతం నేర్చుకోవడం, 1942 ఉద్యమంలో బళ్లారి అలీపురం జైలు, ఆ తరవాత మద్రాసు. ఈ కథ తెలుగువాళ్లకి కంఠతా వచ్చు, మళ్లీ చెప్పను. ఇక్కడ కావలసింది రెండే విషయాలు.

మొదటిది, రికార్డు కంపెనీతో ఆయన సావాసం. నటుడిగా పేరు తెచ్చుకోక ముందు పేకేటి శివరాం హెచ్ఎంవీలో పనిచేసేవారు. ఘంటసాల మొదటి ప్రైవేటు రికార్డు ఆయన చేతి మీదుగా వచ్చిందే. లక్క ప్లేట్ల రోజుల్లోనే కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు ఘంటసాల గొంతులో ఊరూరా తిరిగాయి. ఆ ప్లేటు ఇప్పుడు వింటే ఒక సంగతి తడుతుంది. పద్యానికీ పద్యానికీ మధ్య ఆయన మామూలు మాటల్లో కథ చెబుతారు. పాడే మనిషే పక్కన కూచుని మాట్లాడతాడు. గీతలో వాడిన పద్ధతి అక్కడే మొలకెత్తింది. మూడు నిమిషాల్లో ఇరుక్కుని చేసిన పనిని ఇరవై ఏళ్ల తరవాత ఎల్పీ మీద కాళ్లు చాపుకుని చేశారన్న మాట.

రెండోది, కృష్ణుడి గొంతు. 'శ్రీకృష్ణార్జున యుద్ధం' (1963), 'శ్రీకృష్ణ పాండవీయం' (1966), 'శ్రీకృష్ణావతారం' (1967): తెర మీద ఎన్టీఆర్, పాట వస్తే ఘంటసాల. తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలు కూడా ఆ గొంతులోనే ఇంటింటికీ చేరాయి. ఇన్నేళ్లు ఇలా గడిచాక అర్జునుణ్ని పిలిచే హక్కు ఆ గొంతుకు వచ్చేసింది. సంస్కృతం ముక్క రాని వాళ్లు కూడా గీతను పరాయిదనుకోలేదంటే సగం కారణం ఇదే.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చాలా రోజులున్నారు. చక్కెర వ్యాధి అప్పటికే ఉంది. గీత పాడాలన్న కోరిక ఆ రోజుల్లోనే బలపడిందనీ, అది పూర్తయ్యాక ఇక సినిమా పాటలు పాడకూడదనుకున్నారనీ చెబుతారు. సినిమాలు మాత్రం వదల్లేదు; 1973లో 'భక్త తుకారాం', 'జీవన తరంగాలు', 'దేవుడు చేసిన మనుషులు' చిత్రాలకు పాడారు. ఒంట్లో సత్తువ తగ్గుతున్న ఆ కాలంలోనే గీత రికార్డింగు కూడా సాగింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. యాభై రెండో ఏడు నడుస్తోంది. రికార్డు ఆయన పోయాకే బయటికొచ్చింది.

ఏడు వందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఏరారు. ధ్యాన శ్లోకంతో మొదలు. ఒక శ్లోకం, దాని కింద తెలుగులో అర్థం, రెండూ ఆయన గొంతే. శ్లోకం మీద రాగం ఉంటుంది గానీ ప్రదర్శన ఉండదు; సంగతులు వెయ్యగల మనిషి వెయ్యకుండా ఆగిన చోట్లు తెలుస్తూనే ఉంటాయి. అర్థం చెప్పేటప్పుడు గ్రాంథికమే వాడారు, కానీ విరుపు పంతులుగారిది కాదు. వాక్యం చివర గొంతు దించి, ఒక్క క్షణం ఆగి, వినేవాడికి ఆలోచించుకోడానికి చోటు వదిలి, అప్పుడు తరవాతి శ్లోకం ఎత్తుకుంటారు. పాటలోంచి మాటలోకి దిగేటప్పుడు మెట్టు తెలియదు. మూడు నిమిషాల ప్లేటు మీద ఇలా ఆగే తీరిక ఎవరికుంటుంది? ఆ మౌనాలు ఎల్పీ ఇచ్చినవే.

డెట్రాయిట్‌లో ఒక మార్చి

డెట్రాయిట్ కార్ల ఊరు. బెర్రీ గార్డీ అక్కడ కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైనులో పనిచేసినవాడు. 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. ఆ ఫ్యాక్టరీ పద్ధతే పాటకీ పెట్టాడు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. తయారైన పాటని సమావేశంలో కూచుని వింటారు, నచ్చితే మార్కెట్టుకు, లేకపోతే మూలకు. పాడినవాడికి పాట మీద పెత్తనం లేదు.

మార్విన్ గే ఆ కంపెనీకి కాసులు కురిపించిన ప్రేమ పాటల గాయకుడు. తనతో యుగళగీతాలు పాడిన టామీ టెరెల్ మెదడులో కణితితో 1970 మార్చిలో, ఇరవై నాలుగేళ్లకే పోయింది. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి చెప్పినవి వింటే నిద్ర పట్టేది కాదు. అప్పుడు ఫోర్ టాప్స్ బృందంలోని రెనాల్డో బెన్సన్ ఒక పాట పట్టుకొచ్చాడు. 1969 మేలో కాలిఫోర్నియా బర్క్లీలో, పీపుల్స్ పార్క్ దగ్గర కుర్రాళ్లని పోలీసులు చితకబాదడం చూసి, అల్ క్లీవ్‌లాండ్‌తో కలిసి మొదలుపెట్టిన పాట అది. సొంత బృందం మాకొద్దంది. గే తీసుకుని తన మాటలు చేర్చాడు.

గార్డీకి నచ్చలేదు. ప్రేమ పాటలు పాడేవాడు పోలీసుల గురించీ యుద్ధం గురించీ పాడితే కొనేవాడెవడని ఆయన బెంగ. 1971 జనవరిలో కంపెనీలో వాళ్లే ఆయన్ని పక్కనబెట్టి పాటను విడుదల చేశారు. ఊడ్చుకుపోయింది. అప్పుడు అదే గార్డీ, ఇలాంటివే ఇంకొన్ని తొందరగా కావాలన్నాడు. మార్చిలో పది రోజులు తిరిగేసరికి మిగతా పాటలు పాడేశారు.

ఆ స్టూడియోలో జరిగిన మూడు సంగతులు చెప్పుకోవాలి. పాట ఎత్తుగడలో వినబడే శాక్సఫోన్, ఎలై ఫాంటెయిన్ ఇంకా వేళ్లు సవరించుకుంటూ వాయించింది. అసలుది ఇప్పుడు వాయిస్తానంటే, అయిపోయింది, నువ్వు ఇంటికెళ్లొచ్చన్నాడు గే. బేస్ గిటారు జేమ్స్ జేమర్సన్‌ది. బారులో వాయిస్తున్నవాణ్ని వెతికి పట్టుకొచ్చారు. కుర్చీలో నిలవలేని స్థితి. నేల మీద వెల్లకిలా పడుకునే వాయించాడు. ఆ నాలుగు తీగల నడకను ఇవాళ్టికీ సంగీతం బళ్లలో పాఠంగా చెబుతున్నారు. మూడోది, ఇంజనీరు కెన్ శాండ్స్ చేతిలో జరిగింది. గే పాడిన రెండు వరసల్ని పోల్చి చూసుకోడానికి పక్కపక్కన పెట్టాడు. వినిపించేటప్పుడు రెండూ కలిసి మోగాయి. గేకి అదే నచ్చింది. అప్పట్నుంచి తన గొంతుకి తన గొంతే తోడుగా పాడటం అతని సంతకమైంది.

ఇక్కడ మద్రాసు గుర్తు రాకుండా ఉండదు. ఒకే మనిషి గొంతును రెండుగా చేసి, ఒకదాని పక్కన ఒకదాన్ని కూచోబెట్టడం ఇద్దరూ చేశారు. ఒకరిది పాటా మాటా, ఇంకొకరిది పాటా దాని నీడా. జనానికి అలవాటైన సినిమా గొంతు, ప్రేమ పాటల గొంతు, ఈసారి వేరే పని మీద వచ్చిందని వినేవాడికి అక్కడే తెలుస్తుంది.

మొత్తం తొమ్మిది పాటలు, ముప్ఫై అయిదు నిమిషాల పైన. పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేదు, ఒకటి కరుగుతూ ఇంకోటి మొదలవుతుంది. యుద్ధం, నిరుద్యోగం, మత్తుమందు, పాడైపోతున్న గాలీ నీరూ, దేవుడు, మళ్లీ మొదటి ప్రశ్న. ఇంకో విశేషం అట్ట మీద ఉంది. వాయించిన వాళ్లందరి పేర్లూ అచ్చు వేశారు. మోటౌన్ రికార్డు మీద అలా వెయ్యడం అదే మొదలు. అప్పటిదాకా వందల హిట్లకు వాయించిన ఫంక్ బ్రదర్స్ బృందం పేరు కొన్నవాడికి తెలిసేది కాదు.

మనం చేసిన వాడకం

ఇక రెండు రికార్డుల దారులూ ఇక్కడ చీలతాయి.

గీతను మనవాళ్లు ఇంటి హాల్లోంచి తీసి మైకుసెట్టు వాడి చేతికిచ్చారు. గుడి మీద కోన్ స్పీకరు, ఊరి చివర చింతచెట్టుకు ఇంకోటి. ఆ తరవాత క్యాసెట్టు వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లలో ఒకరి క్యాసెట్టు నుంచి ఇంకొకరు ఎక్కించుకున్నారు. క్యాసెట్టు ప్లేయరు మోటారు కాస్త వేగంగా తిరిగితే శ్రుతి పైకి జరుగుతుంది, బెల్టు సాగితే కిందికి జారుతుంది. కాపీ మీద కాపీ తీసేకొద్దీ పై స్థాయి మసకబారి, బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది. ఊరూరికీ ఘంటసాల శ్రుతి వేరైపోయింది. తరవాత సీడీ, ఫుట్‌పాత్ ఎంపీత్రీ, యూట్యూబు, ఇప్పుడు వాట్సాప్. హెచ్ఎంవీ పేరు మార్చుకుని సరేగమ అయిన కంపెనీ, 2017లో కారవాన్ అంటూ పాత రేడియో వేషంలో ఒక పెట్టె తెచ్చి, పాత పాటలు నింపి అమ్మి, పెద్దవాళ్ల మంచం పక్కన చోటు సంపాదించింది.

ఇదంతా ఒక ఎత్తు, చావింటికి గీత చేరడం ఒక ఎత్తు. ఎవరైనా పోతే అరుగు మీద స్పీకరు, అందులో గీత. వైకుంఠరథం కదిలితే అందులోనూ అదే. పాడిన మనిషి రికార్డు రాకముందే పోవడం, రెండో అధ్యాయంలో చావు మాట రావడం, అలాంటి సమయానికి తగింది మైకుసెట్టు వాడి పెట్టెలో ఇదొక్కటే కావడం, మూడూ కలిసొచ్చి ఉంటాయి. యుద్ధం చెయ్యనని కూలబడ్డవాణ్ని లేపి నిలబెట్టిన గ్రంథం, పడుకోబెట్టిన మనిషి పక్కన మోగే ఆనవాయితీ పడింది. ఎంత పాతుకుపోయిందంటే, పొద్దున్నే ఆ గొంతు వినబడితే కిటికీలోంచి తొంగిచూడని తెలుగువాడు అరుదు. సినిమా వాళ్లు దీన్ని హాస్యానికి వాడుకుని కూడా చాలా కాలమైంది.

కొత్తగూడ హాల్లో కొడుకు ఆదివారం పూట టర్న్‌టేబుల్ మీద తాతగారి గీత పెడితే, ఖమ్మం నుంచి వచ్చి ఉంటున్న తల్లి వంటింట్లోంచి కేకేస్తుంది: "పొద్దుగాల్నే గిదేం పెట్టినవ్ రా? ఎవలు పోయిండ్రని?" "ఎవలు పోలేదమ్మా, తాత రికార్డు. సౌండ్ ఎట్లుందో విను." ఆమె వచ్చి రెండు శ్లోకాలు నిలబడి వింటుంది. క్యాసెట్టులో వినబడని తంబుర శ్రుతి ఇందులో వినబడుతుంది. శ్వాస తీసుకునే చప్పుడు వినబడుతుంది. అప్పుడు కొడుక్కి వచ్చే ప్రశ్న ఒకటే: మార్విన్ గేని మళ్లీ వేసినట్టు దీన్ని మళ్లీ వెయ్యాలంటే ఏం కావాలి?

మళ్లీ వెయ్యడమంటే

పాత పలకను చూసి కొత్త పలక చెయ్యరు. మొదలు టేపు దగ్గర. స్టూడియోలో కలిపిన చివరి టేపు, దాన్నే మాస్టర్ అంటారు, పెట్టెలోంచి బయటికి రావాలి. పాత టేపుల్లో కొన్ని తేమ పీల్చి జిగురెక్కుతాయి. అలాగే తిప్పితే పైపూత ఊడొస్తుంది. అలాంటివాటిని సన్నని వేడిలో, యాభై డిగ్రీల పైన కొన్ని గంటలు ఆరబెట్టి, అప్పుడు తిప్పుతారు.

ఆ తరవాత లేతుపని. అల్యూమినియం పలకకి లక్కర్ పూసి ఉంటుంది. టేపు ఒక పక్క తిరుగుతుంటే, ఆ ధ్వని ఊపిన సూది ఇటు పక్క గాడి కోస్తుంది. మంద్ర ధ్వనికి గాడి బాగా ఊగుతుంది, పక్క గాడిని తాకుతుంది. అందుకని కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు. వినేచోట ఆంప్లిఫయరు దాన్ని తిరగేసి సరిచేస్తుంది. జేమర్సన్ బేస్ మోగీ మోగనట్టు ఉంటే, ఈ పనిలో ఎవరో పొరబడ్డారని అర్థం. పలక మధ్యకు వచ్చేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, సూది కింద జరిగే పొడవు తగ్గుతుంది, 'స', 'ష'లు చిరుగుతాయి. సంస్కృత శ్లోకాల రికార్డుకు ఇంతకంటే పరీక్ష ఉండదు.

కోసిన లక్కర్ మీద వెండి పూత, దాని మీద నికెల్. ఆ నికెల్‌ని ఒలిస్తే గాడి తిరగబడి మిట్టగా వస్తుంది. అదే అచ్చు. వేడెక్కిన వినైల్ ముద్దను రెండు అచ్చుల మధ్య పెట్టి, పెద్ద మిషనులో నొక్కితే అర నిమిషంలో రికార్డు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగితే మొత్తం ఆగుతుంది. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ అనే కంపెనీ కాలిపోయింది. లక్కర్ పలకలు చేసేవాళ్లు అప్పటికి ప్రపంచంలో ఇద్దరే, రెండోవాళ్లు జపానులో. దాంతో ఎన్నో రీఇష్యూలు నెలల తరబడి వెనకబడ్డాయి.

టేపు విషయంలో వినేవాళ్ల పట్టుదల కూడా తక్కువేం కాదు. 2022 జులైలో మొబైల్ ఫిడెలిటీ అనే పేరున్న రీఇష్యూ కంపెనీ, కొనేవాళ్లు అచ్చంగా టేపు నుంచి కోసినవనుకుంటున్న పలకల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ వాడుతోందని బయటపడింది. కోర్టు కేసులు, చివరికి రెండున్నర కోట్ల డాలర్ల రాజీ. చెవికి తేడా తెలిసిందా అంటే అప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు. కానీ ఏ టేపు నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పి తీరాలన్నది వాళ్ల పంతం.

'వాట్స్ గోయింగ్ ఆన్'కు ఆ దారి మొత్తం రాసిపెట్టి ఉంది. డెట్రాయిట్‌లో మొదట కలిపిన టేపు ఒకటి, గే లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ కలిపించి విడుదల చేసింది ఇంకొకటి. పక్కనబెట్టిన డెట్రాయిట్ కూర్పు ముప్ఫై ఏళ్లు డబ్బాలో ఉండి 2001లో సీడీగా వచ్చింది. 2003లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయం ఈ ఆల్బమును జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. యాభై ఏళ్ల సందర్భంగా 2022లో రెండు ఎల్పీల ప్రతి వచ్చింది. కొత్తగూడ అరలో ఫెళఫెళలాడే అట్ట వెనకాల ఇంత కథ ఉంది. ఒక టేపు డబ్బాను ఎవరో పారెయ్యకుండా, పేరు రాసి, సరైన గదిలో ఉంచిన కథ అది.

కొత్తగూడ నుంచి చూస్తే

గీత వచ్చిన 1974లో కొత్తగూడ ఒక పల్లె. రంగారెడ్డి జిల్లా ఇంకా పుట్టలేదు. అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, తరవాత ఇక్కడికి దగ్గర్లో గచ్చిబౌలికి చేరింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవరు మీద బళ్లు కదిలాయి. ఈ యాభై ఏళ్లలో ఊరు పోయి నగరం వచ్చింది. పోయిన ఊరి మైకుసెట్లో మోగిన గొంతు మాత్రం కొత్త నగరం ఫోన్లలో మోగుతూనే ఉంది. కాబట్టి గీతను జనం మరిచిపోలేదు, మరిచిపోయే ప్రశ్నే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. పాట బతకడం వేరు, రికార్డు బతకడం వేరు. పాట జనం నోట్లో, చెవిలో బతుకుతుంది; దానికి కంపెనీ అక్కర్లేదు. రికార్డు బతకాలంటే టేపు ఉండాలి, టేపు మీద తేదీ ఉండాలి, ఎవరు వాయించారో ఎవరు కలిపారో రాసిన కాయితం ఉండాలి. మనం మొదటిదాంట్లో ప్రపంచానికి తీసిపోం. రెండోదాంట్లో వెనకబడ్డాం. తెలుగు రికార్డు మీద పాడినవారి పేరు, రాసినవారి పేరు, సంగీత దర్శకుడి పేరు, సినిమా పేరు ఉంటాయి. వేణువు ఎవరిది, వీణ ఎవరిది అన్నది మామూలుగా ఉండదు. ఘంటసాలకు రెండు దశాబ్దాలు హార్మోనియంతో, స్వరరచనలో అండగా నిలిచిన పట్రాయని సంగీతరావు, ఆయన గురువు సీతారామశాస్త్రిగారి కుమారుడు, నూరేళ్లు నిండి 2021లో వెళ్లిపోయారు. అలాంటి మనిషి వెళ్లాక ఆ స్టూడియో గదిలో ఎవరెవరు కూచున్నారో ఎవర్ని అడుగుతాం?

పోనీ హక్కుల గడువు తీరితే అన్నీ సర్దుకుంటాయా? మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది పోను అరవై ఏళ్లు. 1974 రికార్డుకు 2034 డిసెంబరు 31తో తీరిపోతుంది. స్వరపరిచిన ఘంటసాల పోయింది కూడా 1974లోనే కాబట్టి సంగీతం మీద హక్కూ అదే రోజు తీరుతుంది. వచనం రాసినవారి హక్కు మాత్రం వేరే లెక్క. పుష్పవిలాపం సంగతే చూడండి: పాత ప్లేటు మీద రికార్డింగు హక్కు ఎప్పుడో తీరింది, కానీ కరుణశ్రీ 1992 దాకా ఉన్నారు గనక పద్యాల హక్కు 2052 దాకా ఉంటుంది. ఇదంతా కాయితం మీది హక్కు. అన్ని హక్కుల గడువూ తీరిన మర్నాడు ఎవరైనా గీతను అచ్చు వేసుకోవచ్చు, కానీ దేన్నుంచి? చట్టం హక్కును మాత్రమే విడిచిపెడుతుంది, టేపు డబ్బాను చేతికివ్వదు. అప్పుడు యూట్యూబులోది దింపి పలక మీదికి ఎక్కిస్తే, అది మూడు వేల రూపాయల ఎంపీత్రీ.

అచ్చు వెయ్యడం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. డమ్‌డమ్‌లో ఎల్పీల పని ఆగిపోయిన చాలా ఏళ్లకు, 2024లో ముంబైలో కొత్త ప్రెస్సింగ్ ప్లాంటు మొదలైంది. కొనేవాళ్లూ ఉన్నారు, జీతం రాళ్లలో ఒక భాగం పలకల మీద పెట్టే కుర్రాళ్లు ఈ ఐటీ దారి పొడుగునా ఉన్నారు. వాళ్లు మార్విన్ గే పెట్టె తెరిచి, లోపలి కాయితంలో జేమర్సన్ పేరు, ఫాంటెయిన్ పేరు చదువుకుని, ఆ తరవాత ముల్లు పెడతారు. అదే మర్యాద తెలుగు రికార్డుకు కూడా అడగాలి. మళ్లీ వెయ్యమని అడిగేటప్పుడు బంగారు రంగు అట్ట, 180 గ్రాముల వినైల్ అడగొద్దు. ఏ టేపు నుంచి కోశారు, ఆ టేపు ఏ స్థితిలో ఉంది, ఎవరెవరు వాయించారు అని అడగాలి. కంపెనీకి అది అమ్మకం లెక్క కావచ్చు, మనకది చరిత్ర. గడువు తీరేలోగా డబ్బాలు తెరిచి చూసుకుంటే లాభం వాళ్లకే. గడువు తీరాక తెరిస్తే అప్పటికి ఏం మిగిలిందో ఆ టేపే చెప్పాలి.

పలకల కథ ఇంతటితో సగం. అచ్చు వెయ్యడం తెలిసిన ఒక్క కంపెనీ చేతిలో ఉన్న పాట, ఖాళీ క్యాసెట్టు కొనగల ప్రతివాడి చేతికీ ఎలా వెళ్లిపోయిందో, హెచ్ఎంవీ గుత్తాధిపత్యాన్ని ఆ క్యాసెట్టు ఎలా కుదేలు చేసిందో రావలసి ఉంది.

(వచ్చే వారం: టూ-ఇన్-వన్ వచ్చిన వేళ)